ఎనిమిదిసార్లు గెలిచిన కెంట్ మహిళల జట్టు రెండో అంచెలో ఎందుకుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను, తప్పయితే దిద్దండి. మీ మేనకోడలు కాంటర్‌బరీలో ఎమ్మెస్సీకి వచ్చింది. హైదరాబాద్‌లో అండర్-19 ఆడిన పిల్ల. కెంట్ మహిళల జట్టు ఇంగ్లండ్‌లో అందరికంటే ఎక్కువసార్లు కౌంటీ (మన జిల్లా లాంటిది) చాంపియన్ అయిందని ఎక్కడో చదివారు, తీరా చూస్తే ఆ పేరు టైర్ 2 పట్టికలో కనిపించింది. "ఆ జట్టు చరిత్ర ఏమిటి, పడిపోయిందా, మా పిల్ల అక్కడ ప్రయత్నించొచ్చా?" ఇదీ మీరు అడిగింది. (టైర్ అంటే బండి టైరు కాదు లెండి, అంచె. ఇక్కడ అందరూ టైర్ 1, టైర్ 2 అనే అంటారు.)

సూటిగా చెప్పేస్తాను. కెంట్ ఆటలో ఓడిపోయి కిందికి రాలేదు. 2025లో మహిళల కౌంటీ క్రికెట్‌ని కొత్తగా కట్టినప్పుడు పై అంచెలో ఎవరుండాలన్నది పాత ఫలితాలు చూసి తేల్చలేదు. కౌంటీ క్లబ్బులు దరఖాస్తులు పెట్టుకున్నాయి, ఇంగ్లండ్ బోర్డు అందులోంచి ఎనిమిదింటిని ఎంచుకుంది. ఆ ఎనిమిదిలో కెంట్ లేదు, అంతే. ఇక మీ మేనకోడలు ఆడొచ్చా అంటే, క్లబ్బు స్థాయిలో దారి ఉంది కానీ ముందు వీసా సంగతి చూసుకోవాలి. అది చివర్లో రాస్తాను. అది చదవకుండా మాత్రం పిల్లని నెట్స్‌కి పంపకండి.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది రాజమండ్రి. 2005 ఆఖర్లో ఉద్యోగం మీద కెంట్ వచ్చాను, మోకాలు దెబ్బతిని ఆట మానేశాక స్కోరర్‌నయ్యాను. క్లబ్బు మ్యాచ్‌లు, అమ్మాయిల లీగులు, ఎవరూ దొరకనప్పుడు కౌంటీ మ్యాచ్‌లకి రెండో స్కోరర్‌గా, ఇలా ఇన్నేళ్ళుగా ఆ చెక్క గదుల్లోనే నా శనాదివారాలు గడిచాయి. చరిత్రకారుణ్ణి కాను. పుస్తకాల్లో లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను.

మహిళల కౌంటీ చాంపియన్‌షిప్ 1997లో మొదలై 2019తో ఆగిపోయింది. మొత్తం 23 సీజన్లు. మొదటి ఆరూ యార్క్‌షైర్‌వే, 1997 నుంచి 2002 దాకా వరసగా, ఇంకెవర్నీ దగ్గరికి రానివ్వలేదు. తర్వాత మూడేళ్ళు ససెక్స్. 2006లో కెంట్ మొదటిసారి గెలిచింది, 2007లో మళ్ళీ. అక్కణ్ణుంచి పదేళ్ళ పాటు అది దాదాపు కెంట్, ససెక్స్‌ల ఇంటి గొడవ: 2008 ససెక్స్, 2009 కెంట్, 2010 ససెక్స్, 2011, 2012 కెంట్, 2013 ససెక్స్, 2014 కెంట్. 2015లో యార్క్‌షైర్ ఒకసారి తిరిగొచ్చింది, 2016 మళ్ళీ కెంట్, 2017 లాంకషైర్, 2018 హాంప్‌షైర్, ఆఖరి ఏడాది 2019 కెంట్. కూడితే కెంట్ 8, యార్క్‌షైర్ 7, ససెక్స్ 6. ఇరవై మూడింటిలో ఇరవై ఒకటి ఈ ముగ్గురివే.

ఇప్పుడు 2025 పై అంచె జాబితా చూడండి: డర్హమ్, ఎసెక్స్, హాంప్‌షైర్, లాంకషైర్, నాటింగ్‌హామ్‌షైర్, సోమర్‌సెట్, సర్రే, వార్విక్‌షైర్. ఆ ముగ్గురిలో ఒక్కరి పేరూ లేదు. 21 టైటిళ్ళ వాళ్ళు బయట, ఒక్కొక్క టైటిల్ గెలిచిన ఇద్దరు లోపల, ఈ చాంపియన్‌షిప్ ఎప్పుడూ గెలవని ఆరుగురు లోపల. 2024 ఏప్రిల్‌లో ఆ జాబితా వచ్చిన రోజు మా క్లబ్బులో ఒక పెద్దావిడ టీ కప్పు బల్ల మీద పెట్టి ఏమీ మాట్లాడకుండా బయటికెళ్ళి పిచ్ మీద కవర్లు సర్దడం మొదలుపెట్టింది. ఆరోజు వాన కూడా లేదు.

ఇలా ఎందుకైంది అంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. అసలు ఆడవాళ్ళ "కౌంటీ జట్టు" అంటే ఏమిటన్న దగ్గరికి.

ఇంగ్లండ్‌లో ఆడవాళ్ళ మ్యాచ్ గురించి మనకి దొరికిన మొదటి వార్త 1745 జులై 26ది. సర్రేలో గిల్డ్‌ఫర్డ్ దగ్గర గాస్డెన్ కామన్‌లో బ్రామ్లీ ఊరి అమ్మాయిలకీ హాంబుల్డన్ ఊరి అమ్మాయిలకీ మ్యాచ్, బ్రామ్లీ 119, హాంబుల్డన్ 127. హాంబుల్డన్ అనగానే పురుషుల క్రికెట్ చరిత్రలో వచ్చే హాంప్‌షైర్ హాంబుల్డన్ అనుకుని చాలామంది బోర్లా పడతారు, ఇది సర్రేలో ఉన్న వేరే ఊరు. ఇక కౌంటీ పేర్లతో ఆడింది 1811లో, లండన్ పక్కన బాల్స్ పాండ్‌లో. సర్రే ఆడవాళ్ళు, హాంప్‌షైర్ ఆడవాళ్ళు, ఇద్దరు దొరల మధ్య 500 గినీల (అప్పటి ఇంగ్లండ్ నాణేలు) పందెం. హాంప్‌షైర్ గెలిచింది. కోడిపందాలకి జిల్లా పేరు పెట్టినట్టన్నమాట. ఆడిన ఆడవాళ్ళకి ఆ గినీల్లో ఎంత ముట్టిందో ఊహించుకోండి.

కెంట్ పేరు వచ్చే పాత కథ ఇంకొకటి ఉంది, కాంటర్‌బరీ వెళ్తే మీ మేనకోడలికి ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. జాన్ విల్లెస్ అనే ఆటగాడికి చెల్లెలు క్రిస్టీనా ప్రాక్టీస్‌లో బంతులేసేదట, గుబురు గౌను అడ్డొచ్చి చెయ్యి కింద నుంచి తిప్పలేక భుజం ఎత్తున తిప్పి వేసిందట, క్రికెట్‌లో చెయ్యెత్తి బౌలింగ్ చేయడం అలా పుట్టిందట. విల్లెస్ 1822లో లార్డ్స్‌లో కెంట్ తరఫున అలా వేసి నోబాల్ పడితే కోపంతో గుర్రమెక్కి వెళ్ళిపోయాడన్నది మాత్రం అందరూ ఒప్పుకునే సంగతి. చెల్లెలి కథ నేను నమ్మను. ఆ రోజుల ఫ్యాషన్ అంత గుబురు గౌన్లు కాదని బట్టల చరిత్ర తెలిసినవాళ్ళు అంటారు. కానీ కథ మాత్రం బతికే ఉంది, మంచి కథలకి చావుండదు కదా.

అసలు పునాది పడింది 1926లో. హాకీ ఆడే కొందరు స్త్రీలు మాల్వర్న్ దగ్గర సెలవులకి వెళ్ళి క్రికెట్ ఆడి, దీనికో సంఘం ఉండాలనుకుని ఉమెన్స్ క్రికెట్ అసోసియేషన్ పెట్టారు. 1929లో వాళ్ళ మొదటి బహిరంగ మ్యాచ్ బెకెన్‌హామ్‌లో జరిగింది. అప్పటికి అది కెంట్‌లోనే ఉండేది, ఇప్పుడు లండన్‌లో కలిసిపోయింది గానీ కెంట్ క్లబ్బుకి రెండో గ్రౌండ్ ఈనాటికీ ఆ ఊళ్ళోనే ఉంది. 1934 డిసెంబర్‌లో బ్రిస్బేన్‌లో ఆడవాళ్ళ మొదటి టెస్ట్ ఆడడానికి ఇంగ్లండ్ నుంచి వెళ్ళినవాళ్ళు ఓడ టికెట్ డబ్బు సొంతంగా పెట్టుకున్నారు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే తర్వాత డెబ్భై ఏళ్ళ చరిత్ర సగం అర్థమైనట్టే.

కౌంటీ సంఘాలు అలా వచ్చాయి. అవి పురుషుల కౌంటీ క్లబ్బుల్లో భాగం కావు. ఇది చాలామందికి తెలియదు. కెంట్ మహిళల జట్టంటే కెంట్ కౌంటీ క్లబ్బు పెట్టిన జట్టని అనుకుంటారు. చాలాకాలం పేరు ఒక్కటే కలిసేది. గ్రౌండ్ వేరు, ఖాతా వేరు, కమిటీ వేరు. కమిటీ అంటే కూడా నలుగురు స్త్రీలు, ఒక కారు, ఒక టైప్‌రైటర్. 1980 నుంచి 1996 దాకా ఏరియా చాంపియన్‌షిప్ అని నడిచింది, అందులో కొన్ని జట్లు కౌంటీలు, కొన్ని ఈస్ట్ ఆంగ్లియా, ఈస్ట్ మిడ్‌లాండ్స్ లాంటి ప్రాంతాలు. 1997లో దాన్ని కౌంటీ చాంపియన్‌షిప్‌గా మార్చారు. 1998లో ఉమెన్స్ క్రికెట్ అసోసియేషన్ ఇంగ్లండ్ బోర్డులో కలిసింది. అదే 1998లోనే లార్డ్స్ గ్రౌండ్ సొంతదారు అయిన ఎంసీసీ క్లబ్బు ఆడవాళ్ళని సభ్యులుగా చేర్చుకుందామని ఓటేసింది, రెండు వందల ఏళ్ళు దాటాక.

మన దగ్గర కూడా ఇదే వరస అని గమనించారా? 1973లో మహిళా క్రికెట్ సంఘం, 2006లో బీసీసీఐలో విలీనం.

పాత రోజుల గురించి నేను పుస్తకాల్లో చదివిందానికంటే ఒక అట్టపెట్టెలో చూసింది ఎక్కువ. పదేళ్ళు దాటింది. కెంట్‌లోనే ఒక క్లబ్బు, పేరు చెప్పను, పెవిలియన్ బాగుచేయిస్తూ స్టోర్‌రూమ్ ఖాళీ చేస్తోంది. పురుషుల స్కోర్‌బుక్కులు అరలో వరసగా పెట్టి ఏడాది చీటీలు అంటించి ఉన్నాయి. ఆడవాళ్ళవి మాత్రం రోలర్ పక్కన నేల మీద అట్టపెట్టెలో, సగం బూజు పట్టి. బయట చెత్త బండి నిలబడి ఉంది. "ఇవి ఎవరికి కావాలి?" అన్నాడు అక్కడున్న కుర్రాడు, తప్పుగా కాదు, నిజంగానే అడిగాడు. నాకు కావాలన్నాను.

ఇంటికి తెచ్చి ఎండలో పేజీకి పేజీ మధ్య న్యూస్‌పేపర్ పెట్టి ఆరబెట్టాం, మా ఆవిడ ఊరగాయ ముక్కలు ఆరబెట్టినంత శ్రద్ధగా. అందులో 1980ల నాటి పుస్తకం ఒకటి. స్కోరింగ్ తెలియనివాళ్ళ కోసం చెప్తాను: బౌలర్ గడిలో పరుగు రాని బంతికి ఒక చుక్క పెడతాం, ఆరూ చుక్కలైతే వాటిని గీతలతో కలిపి ఎం అక్షరం చేస్తాం, అది మెయిడెన్ ఓవర్. ఆ పుస్తకంలో ఒకావిడ బౌలింగ్ వరసంతా ఎంలే ఎంలు, కుట్టుమిషన్ మీద కుట్టినట్టు. ఇంటిపేరు చోట ఏమీ లేదు, "జూన్" అని మాత్రం ఉంది. ఆవిడ ఎవరో, ఎంత దూరం వెళ్ళిందో కనిపెట్టే దారి లేదు. పుస్తకం వెనక అట్ట లోపల పెన్సిల్‌తో ఒక పట్టిక. ఎవరి కారులో ఎంతమంది, ఎవరు ఎక్కడ ఎక్కుతారు, శాండ్‌విచ్‌లు ఎవరు, పాలు ఎవరు, పసిపిల్లని చూసుకునేదెవరు. పసిపిల్ల పేరు పక్కన ఇద్దరు పేర్లు, బ్యాటింగ్ వంతు వచ్చినప్పుడు మారేలా. నాకు ఆ జట్టు చరిత్ర అంటే ముందు ఆ పెన్సిల్ పట్టికే గుర్తొస్తుంది. టైటిళ్ళ పట్టిక తర్వాత.

సరే, గెలుపుల కాలానికి వద్దాం.

కెంట్ కథలో ఒక్క మనిషి పేరే చెప్పమంటే షార్లట్ ఎడ్వర్డ్స్. కెంట్‌లో పుట్టలేదు, హంటింగ్డన్ పిల్ల, ఈస్ట్ ఆంగ్లియాకి ఆడి 2000లో కెంట్‌కి వచ్చింది. అప్పటికే ఇంగ్లండ్‌కి పదహారేళ్ళకి టెస్ట్ ఆడేసింది. 1997 ప్రపంచకప్‌లో మన పుణెలో ఐర్లాండ్ మీద 173 నాటౌట్ కొట్టింది, మర్నాడు ఆవిడకి పద్దెనిమిదో పుట్టినరోజు. కెంట్ గెలిచిన ఎనిమిదిలో మొదటి ఏడూ ఆవిడ అక్కడ ఆడిన కాలంలోవే. 2009 ఒక్క ఏడాది చూడండి: మార్చిలో ఆవిడ కెప్టెన్సీలో ఇంగ్లండ్ ఆస్ట్రేలియాలో వన్డే ప్రపంచకప్ గెలిచింది, జూన్‌లో లార్డ్స్‌లో టీ20 ప్రపంచకప్, అదే వేసవిలో కెంట్‌కి కౌంటీ టైటిల్. ఇప్పుడు, అంటే 2025 ఏప్రిల్ నుంచి, ఇంగ్లండ్ మహిళల జట్టుకి ఆవిడే కోచ్.

ఆవిడ బ్యాటింగ్ స్కోర్ చేయడం ఒక అనుభవం. పరుగులు కొట్టేవాళ్ళని చాలామందిని చూశాను, స్కోరర్‌కి పని తగ్గించేవాళ్ళని తక్కువ చూశాను. పాయింట్ పక్కనుంచి సింగిల్, మిడ్‌వికెట్ వైపు రెండు, చెడ్డ బంతికి నాలుగు. బుక్‌లో ఆవిడ వరస చక్కగా, కొట్టివేతలు లేకుండా ఉంటుంది.

ఆవిడతో పాటు లిడియా గ్రీన్‌వే. ఎడమచేతి బ్యాటర్, కానీ ఇక్కడివాళ్ళని అడిగితే ముందు ఫీల్డింగ్ గురించే చెప్తారు. బౌండరీ గీత దగ్గర ఆవిడ ఆపిన పరుగులు ఏ పుస్తకంలోనూ ఉండవు, మేం రాయం కదా. తర్వాతి తరంలో డోవర్‌లో పుట్టిన టామీ బోమాంట్: 2017 ప్రపంచకప్‌లో 410 పరుగులతో టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి, 2023లో ట్రెంట్ బ్రిడ్జ్‌లో ఆస్ట్రేలియా మీద 208, మహిళల టెస్టుల్లో ఇంగ్లండ్‌కి అదే మొదటి డబుల్ సెంచరీ. టన్‌బ్రిడ్జ్ వెల్స్ నుంచి ఆలిస్ డేవిడ్‌సన్ రిచర్డ్స్, 2022లో టాంటన్‌లో దక్షిణాఫ్రికా మీద తొలి టెస్టులోనే 107. ఎడమచేతి పేసర్ టాష్ ఫారంట్. 2019 ఆఖరి టైటిల్ ఎడ్వర్డ్స్ వెళ్ళిపోయాక వచ్చింది, అందుకే ఎనిమిదిలో అదంటే నాకు కొంచెం ఎక్కువ ఇష్టం.

ఇక్కడో మెలిక ఉంది. కౌంటీ టైటిళ్ళని ఆ కౌంటీ బలానికి కొలతగా పూర్తిగా నమ్మకండి. సీజన్లో ఆడే మ్యాచ్‌లు తక్కువ, రెండు ఆదివారాలు వానకి పోతే పట్టిక తలకిందులవుతుంది. ఇంగ్లండ్ ఆటగాళ్ళు ఎన్ని మ్యాచ్‌లకి దొరుకుతారన్నది ఇంకో సంగతి. ఎడ్వర్డ్స్, గ్రీన్‌వే ఇద్దరూ ఉన్న రోజు కెంట్ వేరు, ఇద్దరూ ఇంగ్లండ్ క్యాంపులో ఉన్న రోజు కెంట్ వేరు. ఆ రెండో రోజున పదిహేనేళ్ళ స్కూలు పిల్లలు కూడా కౌంటీ టోపీ పెట్టుకుని దిగేవాళ్ళు. అందులో కొందరికి అదే భాగ్యమైంది, అలా దొరికిన మ్యాచ్‌ల్లోనే పైకొచ్చారు.

ఇక డబ్బు. ఆ పెన్సిల్ పట్టిక రోజుల నుంచి చాలాకాలం ఏమీ మారలేదు. 2008లో ఇంగ్లండ్ ఆటగాళ్ళు కొందరికి స్కూళ్ళలో కోచింగ్ చెప్పే పనితో కలిపి జీతం ఏర్పాటు చేశారు. పూర్తి స్థాయి కాంట్రాక్టులు 2014లో వచ్చాయి, 18 మందికి. గమనించండి, అదంతా దేశం జట్టుకే. కౌంటీకి ఆడేవాళ్ళకి రూపాయి లేదు. టీచర్లు, నర్సులు, విద్యార్థులు.

2016లో సూపర్ లీగ్ పెట్టారు, ఆరు జట్లు, టీ20. కెంట్ పేరుతో జట్టు లేదు. ఇదే మొదటి దెబ్బ, అప్పట్లో ఎవరూ దెబ్బ అనుకోలేదు. (మన స్మృతి మంధాన 2018లో వెస్టర్న్ స్టార్మ్ తరఫున చెలరేగింది ఈ లీగ్‌లోనే.) 2019తో ఆ లీగూ, పాత కౌంటీ చాంపియన్‌షిప్పూ రెండూ మూతపడ్డాయి. 2020లో దేశాన్ని ఎనిమిది ప్రాంతాలుగా విడగొట్టి ఎనిమిది జట్లు కట్టారు, ఆ ఏడాది చివర్లో 41 మందికి జీతంతో కాంట్రాక్టులిచ్చారు. కెంట్‌ని సర్రేతో కలిపి సౌత్ ఈస్ట్ స్టార్స్ చేశారు. 2021లో కొత్తగా పెట్టిన షార్లట్ ఎడ్వర్డ్స్ కప్‌ని మొదటి ఏడాదే గెలిచింది ఆ స్టార్స్ జట్టు. ఆవిడ పేరున్న కప్పు, ఆవిడ పాత కౌంటీ పిల్లలున్న జట్టు, కానీ చొక్కా మీద కెంట్ అని లేదు.

కెంట్ పేరుతో జట్టు ఆ ఏళ్ళలో కూడా ఉంది, కౌంటీ టీ20 కప్ ఆడుతూనే ఉంది. కానీ జీతం, ఫిజియో, చలికాలం ఇండోర్ నెట్స్ అన్నీ ప్రాంతీయ జట్టు వైపు వెళ్ళాయి. ఉమ్మడి కుటుంబంలో ఇద్దరన్నదమ్ములు ఒకే ఖాతాలో జమ చేసినంతకాలం బాగానే ఉంటుంది, వేరుపడ్డ రోజున ఇల్లు ఎవరికన్న ప్రశ్న వస్తుంది. 2025లో ప్రాంతాలు రద్దుచేసి మళ్ళీ కౌంటీలకే ఇస్తామన్నప్పుడు అదే జరిగింది. ఓవల్ లాంటి గ్రౌండు, లండన్ జనం, ఖజానా ఉన్న సర్రే ఒకవైపు. కెంట్ ఇంకోవైపు. పై అంచెలో చోటు సర్రేకి వెళ్ళింది. జీతగాళ్ళలో చాలామంది జట్టుతో పాటే అటు వెళ్ళారు. పై అంచె జట్టుకి బోర్డు నుంచి ఏటా సుమారు 13 లక్షల పౌండ్లు, దానిమీద కౌంటీ సొంతంగా కలపాలి, కనీసం పదిహేను మంది జీతగాళ్ళని పెట్టుకోవాలి. దరఖాస్తులో బోర్డు చూసింది ఇవన్నీ నడపగలరా అన్నది: గ్రౌండ్లు, వసతులు, జనం వస్తారా, సంపాదన ఉందా, దేశం నలుమూలలా జట్లు పడ్డాయా లేదా. పక్కపక్కనే ఉన్న సర్రే, కెంట్, ససెక్స్ మూడింటికీ ఇవ్వరు కదా.

అన్యాయమా అంటే, నేను సగం అవుననే అంటాను. లెక్క ప్రకారం బోర్డు వాదన నాకు అర్థమవుతుంది. జీతం ఇచ్చే ఉద్యోగాలు వచ్చాయి, అది చిన్న విషయం కాదు. కానీ ఆ ఎనిమిది టైటిళ్ళకి అక్కడ ఒక్క మార్కు కూడా పడలేదంటే, శాండ్‌విచ్‌లు చేసుకెళ్ళి ఆడినవాళ్ళకి ఏం చెప్తాం? యార్క్‌షైర్‌ని 2026 నుంచి పై అంచెలో చేర్చారు, తర్వాత గ్లామోర్గన్ వంతు. కెంట్, ససెక్స్ ఇంకా వరసలోనే ఉన్నాయి.

దీన్ని మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే రైల్వేస్‌తో పోల్చొచ్చు, తిరగేసి. మన దేశవాళీ మహిళల క్రికెట్‌లో రైల్వేస్ అన్నేళ్ళు ఏలడానికి కారణం ఆటతో పాటు ఉద్యోగం ఇవ్వడం. సికింద్రాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ కూడా రైల్వేస్‌కే ఆడింది, హైదరాబాద్ కావాలనుకోక కాదు, హైదరాబాద్ దగ్గర ఇవ్వడానికి ఉద్యోగం లేక. జీతం ఎక్కడుంటే జట్టు అక్కడ కూడుతుంది. కెంట్ దగ్గర పేరుంది, ఆటగాళ్ళున్నారు, జీతం లేదు.

మిథాలీ అంటే గుర్తొచ్చింది, 2002లో ఆవిడ 214 కొట్టింది సోమర్‌సెట్ వాళ్ళ టాంటన్‌లో, పంతొమ్మిదేళ్ళకి. ఇక మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025 జూన్‌లో మొదటి టీ20లోనే 12 పరుగులిచ్చి 4 వికెట్లు తీసింది నాటింగ్‌హామ్ ట్రెంట్ బ్రిడ్జ్‌లో. ఇంగ్లండ్ కౌంటీ గ్రౌండ్లు తెలుగువాళ్ళకి అంత పరాయివేమీ కావు.

కాంటర్‌బరీ గ్రౌండ్ గురించి ఒక మాట, మీ పిల్ల అక్కడే ఉంది కాబట్టి. సెయింట్ లారెన్స్ గ్రౌండ్‌లో బౌండరీ లోపలే ఒక లైమ్ చెట్టు ఉండేది. మన నిమ్మ కాదు, వేరే జాతి. బంతి చెట్టుకి తగిలితే నాలుగు పరుగులని రూలు. పాత చెట్టు 2005 జనవరి గాలివానకి కూలింది, నేను చూడలేకపోయాను. దాని బదులు ఇంకొకటి నాటారు. 2022 సెప్టెంబర్ 21న ఆ గ్రౌండ్‌లోనే హర్మన్‌ప్రీత్ ఇంగ్లండ్ మీద 143 నాటౌట్ కొట్టింది. వందకి వంద బంతులు, తర్వాతి 43 పరుగులకి పదకొండే. ఆరోజు నేను స్కోరర్‌ని కాను, పులిహోర డబ్బాతో స్టాండ్‌లో ఉన్నాను. అలవాటు కొద్దీ చేతిలో చిన్న బుక్ ఉంది, ఆ ఆఖరి ఓవర్లలో మాత్రం రాయడం వదిలేసి లేచి నిలబడ్డాను. ఆ పేజీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది, నింపాలనిపించలేదు. భారత్ 333, గెలుపు 88 పరుగులతో.

మీరు దీనిమీద ఎక్కడైనా రాయాలనుకుంటే రెండు జాగ్రత్తలు. ఒకటి, పేర్లు. టేలర్‌లు ముగ్గురున్నారు: యార్క్‌షైర్ పేసర్ క్లేర్ టేలర్ (క్రికెట్, ఫుట్‌బాల్ రెండు ప్రపంచకప్‌లూ ఆడిన మనిషి), బెర్క్‌షైర్ బ్యాటర్ క్లెయిర్ టేలర్, ససెక్స్ కీపర్ సారా టేలర్. మన వార్తల్లో మొదటి ఇద్దర్నీ ఒకరే అనుకుని రాసినవి చూశాను. పెళ్ళయ్యాక మారిన ఇంటిపేర్లు ఇంకో తలనొప్పి, కేథరిన్ బ్రంట్, కేథరిన్ సివర్ బ్రంట్ ఒకరే, నాట్ సివర్ బ్రంట్ వేరే మనిషి. రెండోది, స్టార్స్ జట్టు గెలుపుల్ని కెంట్ ఖాతాలో వేయకండి, సర్రే ఖాతాలోనూ వేయకండి.

ఇక వీసా. మీ మేనకోడలు స్టూడెంట్ వీసా మీద ఉంటే ఇది చాలా ముఖ్యం. ఆ వీసా మీద ప్రొఫెషనల్ క్రీడాకారిణిగా పనిచేయకూడదు. ప్రొఫెషనల్ అంటే డబ్బు తీసుకునేవాళ్ళే అనుకుంటారు మనవాళ్ళు, అక్కడే పొరబాటు. ఇక్కడ వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోం ఆఫీస్, దాని నిర్వచనం చాలా వెడల్పు. గత రెండేళ్ళలో రాష్ట్ర జట్టుకి ఆడినవాళ్ళు కూడా అందులోకి వస్తారు, అండర్-17 నుంచి పైన ఉన్న వయసు జట్లతో సహా. అంటే హైదరాబాద్ అండర్-19 టోపీ ఉన్న పిల్ల, రూపాయి తీసుకోకపోయినా, కాగితం మీద ప్రొఫెషనల్ కిందికి రావచ్చు. డిగ్రీ స్థాయి చదువు చదివేవాళ్ళు అమెచ్యూర్‌గా ఆడడానికి మినహాయింపు ఉంది, కానీ అది మీ పిల్ల వీసాకి వర్తిస్తుందో లేదో నేను చెప్పకూడదు, క్లబ్బు కుర్రాడు కూడా చెప్పకూడదు. యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల వీసా ఆఫీసు ఉంటుంది. ఎప్పుడు, ఏ జట్టుకి, ఏ వయసులో ఆడిందో రాసి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోమనండి. నోటి మాట వద్దు. నాకు తెలిసిన ఒక కుర్రాడు "పర్లేదు, ఆడేయ్" అన్న మాట నమ్మి ఒక సీజన్ ఆడి, వీసా పొడిగింపు దగ్గర ఆర్నెల్లు టెన్షన్ పడ్డాడు.

ఆ జవాబు వచ్చాక యూనివర్సిటీ జట్టుతో మొదలుపెట్టమనండి, ఆ తర్వాత కాంటర్‌బరీ చుట్టుపక్కల అమ్మాయిల జట్టున్న క్లబ్బు ఏదైనా. మంచి క్లబ్బు ఆట ఆడితే కౌంటీ వాళ్ళ కంట్లో పడుతుంది, వాళ్ళు వచ్చి చూస్తారు. జనవరి, ఫిబ్రవరిల్లో ఇండోర్ నెట్స్ మొదలవుతాయి, అప్పుడే వెళ్ళి పరిచయం చేసుకోవాలి, ఏప్రిల్ దాకా ఆగితే జట్లు కుదిరిపోతాయి. థర్మల్ బట్టలు రెండు జతలు కొనిపెట్టండి, మే నెలలో కూడా స్లిప్‌లో నిలబడితే వేళ్ళు కొంకర్లు పోతాయి. ఒకవేళ ఆడడానికి కుదరదని తేలితే నాకు మెసేజ్ పెట్టండి. అమ్మాయిల మ్యాచ్‌లకి మాకు స్కోరర్లు ఎప్పుడూ తక్కువే. దానికీ వీసా ఆఫీసుని ఒకసారి అడిగే రమ్మనండి. పెన్నులు నేనిస్తాను, చుక్కలు కలపడం ఒక మధ్యాహ్నంలో నేర్పేస్తాను.